అంబలి పారబోయు విధానము

మా బ్యాంకు పేరు గెడ్డవలస అన్నదాత సహకార బ్యాంకు. పేరులో అన్నం ఉంది కాబట్టి, అన్నానికి సంబంధించి ఏ కొత్త ఆలోచన పుట్టినా ముందుగా అది మా మీదే వచ్చి పడుతుంది. ఈ ఏడాది ఉగాది వెళ్లిన నాలుగో రోజున ప్రధాన కార్యాలయం నుంచి నలభై ఒకటో నంబరు సర్క్యులరు వచ్చింది. భూమికి హద్దులున్నాయని అందులో మొదటి వాక్యం. బ్యాంకుకు లక్ష్యాలున్నాయని రెండో వాక్యం. ఈ రెంటినీ సమన్వయం చేసే బాధ్యత క్షేత్రాధికారులదని మూడో వాక్యం. మా శాఖలో క్షేత్రాధికారిని నేనొక్కణ్ణే. నా పేరు కూర్మారావు.

ఆ సర్క్యులరు గురించి తర్వాత చాలామంది చాలా మాటలన్నారు గానీ, చదివినప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఏ వాక్యంలో తప్పుందో వేలు పెట్టి చూపించమంటే ఇప్పటికీ చూపించలేను. పండించేవాళ్లు, వండేవాళ్లు, అమ్మేవాళ్లు, తిండి వ్యాపారంలో ఉన్న ప్రతి ఒక్కరూ ఏటా నూటికి పదిహేను వంతుల వ్యాపారం పెంచాలి. నూటికి పదిహేను వంతుల వృథా తగ్గించాలి. అలా చేస్తామని చూపించినవాళ్లకే హరిత అప్పు. ఇంత మంచి మాటను ఎవరు మాత్రం కాదంటారు?

మా మేనేజరు బెహరా సర్వేశ్వరరావు గారు సిబ్బంది నలుగురినీ కూచోబెట్టి గంటన్నర మాట్లాడారు.

"వృద్ధిని సాధిస్తూనే పరిమితులను గౌరవించే దిశగా మనం ముందుకు సాగవలసి ఉన్నది" అన్నారు.

ఆ దిశ ఎటువైపు ఉంటుందండీ అని గుమస్తా అడిగాడు. ఆయన గంభీరంగా కిటికీ వైపు చూశారు. కిటికీకి ఆ ఉదయమే ఆకుపచ్చ తెరలు కట్టించారు. అందువల్ల అటువైపు ఏముందో మాకెవరికీ కనిపించలేదు.

ఆ మర్నాడే సన్యాసమ్మ అప్పు కోసం వచ్చింది. ఆవిడ ఇరవై రెండేళ్లుగా బస్టాండు గోడ పక్కన చోడి అంబలి, అంటే పులియబెట్టిన రాగిజావ, అమ్ముతోంది. గ్లాసు పదిహేను రూపాయలు, ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ అందులోనే కలిసి. మూటలు మోసే కళాసీలు, ఆటోవాళ్లు, కండక్టర్లు, పదకొండు గంటలయ్యేసరికి మా బ్యాంకు సిబ్బంది, అందరం అక్కడే తాగుతాం. ఇప్పుడు ఆ గోడ పడగొట్టి కొత్త దుకాణాల సముదాయం కట్టారు. లాటరీ తీస్తే సన్యాసమ్మకు ఏడో నంబరు కొట్టు వచ్చింది. యాభై వేలు డిపాజిట్టు. జులై ముప్పై ఒకటిలోగా కట్టకపోతే కొట్టు తర్వాతి పేరుకి పోతుంది. ఆగస్టు నుంచి బస్టాండు ఆవరణలో బయట కూచుని అమ్మడానికి వీల్లేదు. అంటే కొట్టు పోతే వ్యాపారమే పోయినట్టు.

"పది వేలు నా కాడున్నాయి బాబూ. నలభై వేలు ఇప్పించండి. ఏ రోజుది ఆ రోజు కట్టమన్నా కట్టీగల్ను" అంది.

కొత్త దరఖాస్తు పదకొండు పేజీలు. నేను కలం తీశాను.

"రోజుకి ఎంత వృథా అవుతుంది?"

"వృథా అంటే ఏటి?"

"మిగిలిపోయి పారబోసేది."

"పారబొయ్యడమేటి బాబూ. మిగిలింది రేపటికి పులుపు కోసం అట్టేపెడతాను. అదుంటేనే కద అంబలి పులిసీది."

"నూకలు కడిగిన నీళ్లు?"

"గేదికి పెడతాను."

"పొయ్యిలో బూడిద?"

"గిన్నెలు తోముకోడానికి సాలట్లేదు. పక్కింటోల కాడ అడిగి తెచ్చుకుంతన్నాను."

"ఉల్లిపాయ తొక్కలు?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. నాకు ఆశ పుట్టింది.

"మేకలు తినకుండా ఒగ్గుతాయేటి?" అంది చివరికి.

వృథా అన్నచోట సున్నా కొట్టాను. కంప్యూటరు కాసేపు గిరగిర తిరిగి, 'తగ్గింపునకు అవకాశం లేదు, దరఖాస్తుదారు అనర్హులు' అని చూపించింది. లెక్క సరైనదే. సున్నాలో పదిహేను వంతులంటే సున్నాయే. ఏమీ తగ్గించలేని మనిషికి తగ్గించినందుకు అప్పు ఎలా ఇస్తాం?

ఆ మధ్యాహ్నమే కల్యాణ మండపం గంగునాయుడు గారు వచ్చారు. అదే దరఖాస్తు, అదే ప్రశ్న. పెళ్లికి రెండు వందల కిలోల తిండి కాలవలో పోస్తామని ఆయన చెప్పారు. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా వినిపించింది. రెండు వందలు నూట డెబ్భై చేస్తారా అని అడిగితే, అదెంత పని అన్నారు. కంప్యూటరు ఆకుపచ్చగా మారి, తెర మీద ఒక పువ్వు విచ్చుకుంది. రెండో మండపం కట్టుకోవడానికి వారం తిరక్కుండా నలభై లక్షలు మంజూరయ్యాయి. అంత పారబోశారు కాబట్టే ఆయన అంత తగ్గించగలిగారు. ఏమీ పారబోయని సన్యాసమ్మ భూమికి ఏం మేలు చెయ్యగలదు?

అయితే మా మేనేజరు గారు రాతిగుండె మనిషి కాదు. పైగా ఆయనకి పదకొండింటికి అంబలి పడకపోతే పన్నెండింటికి తలనొప్పి వస్తుంది. ఆవిడ తరఫున ప్రధాన కార్యాలయానికి ఒక ఉత్తరం రాశారు. పన్నెండు రోజుల్లో జవాబు వచ్చింది. మా బ్యాంకు చరిత్రలో అంత తొందరగా ఏ జవాబూ రాలేదు.

'ప్రారంభ వృథా లేని దరఖాస్తుదారులు మూడు నెలల పాటు తమ సొంత ఖర్చుతో, బ్యాంకు పర్యవేక్షణలో, దినమునకు నాలుగు కిలోలకు తగ్గకుండ వృథాను నెలకొల్పుకొనవచ్చును. అట్లు నెలకొల్పిన వృథాలో పదిహేను వంతులు తగ్గించుటకు అంగీకరించినచో ఋణమునకు అర్హులగుదురు.'

మే ఒకటి నుంచి మొదలుపెడితే జులై ఆఖరుకి సరిగ్గా సరిపోతుంది. నేను బస్టాండుకి వెళ్లి సన్యాసమ్మకు విషయం చెప్పాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి రెండుసార్లు చెప్పించుకుంది.

"అంటే పారబొయ్యడానికి ఒండాలా?"

"అవును."

"తాగడానికి కాదు."

"కాదు."

"మీరు సదువుకున్నోలు. మీరు సెప్తే సేస్తాను. కొట్టు పోకుండా ఉంటే అదే సాలు" అంది.

మే ఒకటో తారీకు పొద్దున్న పారబోత మొదలైంది. నేను కాటా, రిజిస్టరు పట్టుకుని మురుగుకాలవ పక్కన నిలబడ్డాను. నాలుగు కిలోల అంబలి తూచాం. ఆవిడ కుండ ఎత్తి కాలవ దాకా తెచ్చి ఆగింది.

"పొయ్యి సన్యాసమ్మా."

"పోస్తన్నాను బాబూ."

పొయ్యలేదు. కుండ ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకుంది. అటూ ఇటూ చూసింది.

"మా అత్త సూస్తన్నట్టుంది" అంది.

వాళ్ల అత్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆ మాటే చెప్పాను. "అయితే మరీ బాగా సూస్తాది" అంది.

చివరికి కళ్లు మూసుకుని కుండ వంచింది. వంచినవైపు కళాసీ అప్పలస్వామి గ్లాసు పట్టాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. కుండ ఖాళీ అయ్యేసరికి నేల మీద పడింది రెండు వందల గ్రాములు. నేను కాటా సర్దేలోగా దాన్నీ ఒక మేక నాకేసింది. నిబంధనల ప్రకారం ఇంకొకరు తాగిన దాన్ని వృథాగా లెక్కించకూడదు. 'తృతీయ పక్షం ద్వారా వినియోగం, మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు' అని రాశాను. మేకను ఏ పక్షంలో చేర్చాలో తెలియక నాలుగో పక్షంలో చేర్చాను.

వారం తిరిగేసరికి ఈ సంగతి ఊరంతా పాకింది. డబ్బులిచ్చి తాగేవాళ్లు కూడా గ్లాసులు పట్టుకుని కాలవ వైపుకి మారిపోయారు. సన్యాసమ్మ అమ్మకాల్లో మూడో వంతు పోయింది. వృథా చూస్తే ఇంకా సున్నా మీదే ఉంది. రావలసిన వృథా రాలేదు, ఉన్న వృద్ధి పోయింది.

మేనేజరు గారు పరిస్థితిని సమీక్షించారు. "వృథాకు తగిన రక్షణ కల్పించని కారణంగానే ఈ విపరీతము సంభవించినది" అన్నారు. మర్నాడు ఆకుపచ్చ మూతతో ఒక డ్రమ్ము వచ్చింది. దానికో తాళం, కాపలాకి సింహాద్రి అనే రిటైరైన హోంగార్డు. పక్కన బోర్డు పెట్టించాం. 'ఇది వృథా. దీనిని వినియోగించిన వారు శిక్షార్హులు.'

మూడో రోజున తనిఖీకి వెళ్తే సింహాద్రి మీసానికి ఉల్లిపాయ ముక్క అంటుకుని ఉంది.

"తాగావా?"

"తాగనేదండి. వృథా అయిందో నేదో పరీచ్చ సేసినాను."

"ఎన్ని గ్లాసులు పరీక్ష చేశావు?"

"నాలుగండి. మూడింటికి నమ్మకం కుదర్నేదు."

అతన్ని మార్చి ఇంకో మనిషిని పెట్టాం. ఈసారి డ్రమ్ములో అంబలి నిజంగానే నిలవబడింది. మే నెల ఎండ, మూసిన మూత, తాళం. నాలుగో రోజు మధ్యాహ్నం మూత ఎగిరి విజయనగరం బస్సు మీద పడింది. బస్టాండంతా ఒకటే పుల్లటి వాసన. అది ముక్కుకి తగలగానే ఇద్దరు పెద్దమనుషులు నా దగ్గరికొచ్చి, సీసా ఎంతకిస్తారని గుట్టుగా అడిగారు. ఆ పూట డ్రమ్ము చుట్టూ చేరిన జనాన్ని అదుపు చెయ్యడానికి పోలీసు రావలసి వచ్చింది. అప్పటికే డ్రమ్ము ఖాళీ. వృథాకు అంత గిరాకీ ఉంటుందని సర్క్యులరు రాసినవాళ్లు ఊహించి ఉండరు.

జూన్ నెలంతా ఇలాగే గడిచింది. సన్యాసమ్మ రోజూ నాలుగు కిలోలు వండడం మాత్రం మానలేదు. దాచుకున్న పదివేల జోలికి పోకుండా, ముక్కుపుడక కుదువపెట్టి చోళ్లు కొంటోందని అప్పలస్వామి చెప్పాడు. నేను రిజిస్టరులో ఆ విషయం రాయలేదు. దానికి గడి లేదు.

వృథా ఎందుకు నిలవడం లేదో కనుక్కోమని ప్రధాన కార్యాలయం నిరుపమ గారనే నిపుణురాలిని పంపించింది. ఆవిడ రెండు రోజులు కాలవ పక్కన ఫొటోలు తీసి, సమస్య నైపుణ్యలోపం అని తేల్చారు. జులై పదిహేనున గంగునాయుడు గారి మండపంలో చిన్న వ్యాపారులకు వృథా నైపుణ్య శిక్షణ శిబిరం పెట్టారు. సన్యాసమ్మ ముందు వరసలో చేతులు కట్టుకుని కూచుంది.

"ఆహార వ్యవస్థల్లో ప్రవేశస్థాయి వృథా అనేది హరిత పెట్టుబడికి పునాది. ఆ పునాది లేకుండా మీరు సుస్థిరత అనే భవనాన్ని ఏ విధంగా నిర్మించుకోగలరు?" అని నిరుపమ గారు అడిగారు.

"అలగే కడతాం అమ్మా" అంది సన్యాసమ్మ మర్యాదగా.

తర్వాత గంగునాయుడు గారు అనుభవజ్ఞుడి హోదాలో మాట్లాడారు. "సూడమ్మా, పారబోసీటప్పుడు ఆలోసించకూడదు. ఆలోసిస్తే సెయ్యి తిరగదు. ఎవులొండినారు, ఎవులు పండించినారు, అయ్యన్నీ మనకెందుకు? ఇలగ తిప్పీడమే." చెయ్యి గాలిలో తిప్పి చూపించారు. నిజం చెప్పాలంటే ఆ శిబిరంలో ఎవరికైనా అర్థమయ్యేలా మాట్లాడింది ఆయనొక్కరే.

శిక్షణకి వచ్చింది పాతికమంది. భోజనాలు నూరుమందికి వండారు. మిగిలినదంతా పెద్ద గంగాళాల్లో కాలవ దాకా వెళ్లింది. అక్కడ సన్యాసమ్మ నాలుగు డబ్బాలు, రెండు గోనెసంచులు పట్టుకుని నిలబడి ఉంది. పప్పు, పులిహోర కళాసీల ఇళ్లకి పంపించింది. ఆకుల్లో ఎంగిలి గేదెకి తీసుకెళ్లింది. నిబంధన ప్రకారం నేను అంతా తూచాల్సి వచ్చింది. అరవై ఒక్క కిలోలు. శిక్షణ పొందిన రోజే ఆవిడ వృథా సున్నా కంటే అరవై ఒక్క కిలోలు కిందికి దిగింది. అంకె కొట్టగానే కంప్యూటరు నల్లబడింది. సున్నా కిందికి వెళ్లే మనిషి కోసం దాన్ని తయారుచెయ్యలేదు. రెండు రోజులు బ్యాంకు లావాదేవీలు ఆగిపోయాయి.

జులై ఇరవై ఎనిమిదిన దరఖాస్తు తిరస్కరించారు. ఆవిడ వచ్చి నా బల్ల ముందు కూచుంది. కాగితం తిప్పి తిప్పి చూసింది గానీ చదవలేదు. చదవడం రాదు.

"మీరు సెప్పినట్టే సేసినాను కద బాబూ. మూడు మూటల సోళ్లు మట్టి పాలు సేసీనాను. ఇంకా ఎలగ పారబొయ్యాలో సెప్పండి. అలగే పోస్తాను" అంది.

నాకు సిగ్గేసింది. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో చాలా దరఖాస్తులు తిరగ్గొట్టాను గానీ, ఒక మనిషికి అన్నం పారెయ్యడం నేర్పించి, అది సరిగా నేర్చుకోలేదని తిరగ్గొట్టడం అదే మొదటిసారి. జేబులోంచి అయిదు వేలు తీసి ఇవ్వబోయాను. ఆవిడ నా చెయ్యి వెనక్కి తోసేసింది.

"మీరు తాగిన అంబలికి డబ్బులిస్తన్నారు. నాకదే సాలు" అని లేచి వెళ్లిపోయింది.

బస్టాండు కళాసీలు, ఆటోవాళ్లు కలిసి చీటీ వేసుకుంటారు. జులై చీటీ అప్పలస్వామిది. ఇంటికప్పు వేయించుకోవడానికి అతను ఎత్తుకోవలసిన పాట. "మూడు నెల్లు కాలవ కాడ ఊరికే తాగినాం. ఆ కప్పు ఈ వానలకి కూడా అలగే కారతాదిలే" అని నలభై వేలూ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ముప్పై ఒకటో తారీకు సాయంత్రం నాలుగింటికి, బస్టాండు ఆఫీసు కౌంటరు మూసే ముందు, డిపాజిట్టు కట్టేసింది. ఏడో నంబరు కొట్టు ఆవిడ పేరున రాశారు. మా బ్యాంకు ఇందులో చేసిన సాయం ఏదీ లేదని నేను అనుకున్నాను. అది నా అజ్ఞానమని అక్టోబరులో తెలిసింది.

అక్టోబరులో ప్రధాన కార్యాలయం సమీక్ష పెట్టింది. గంగునాయుడు గారు మాట నిలబెట్టుకున్నారు. పెళ్లికి నూట డెబ్భై కిలోలే పారబోస్తున్నారు. కాకపోతే రెండో మండపం వచ్చింది కాబట్టి ఒక్కో ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు జరుగుతున్నాయి. రెండు నూట డెబ్భైలు మూడు వందల నలభై. వృద్ధి బ్రహ్మాండం. హద్దులు మాత్రం ఎక్కడున్నాయో వెతికితే కనపడడం లేదు. జిల్లా మొత్తం మీద హరిత అప్పులు తీసుకున్న ప్రతిచోటా ఇదే కథ. మేనేజరు గారికి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆయన ఆకుపచ్చ తెరలు పక్కకి తొలగించి, చాలాకాలం తర్వాత కిటికీలోంచి బయటికి చూశారు. ఎదురుగా ఏడో నంబరు కొట్టు ముందు జనం బారులు తీరి ఉన్నారు.

"కూర్మారావు, ఆవిడ ఫైలు తియ్యి" అన్నారు.

తీశాను. కొట్టు పెట్టాక అమ్మకాలు నూటికి ఇరవై వంతులు పెరిగాయి. వృథా సున్నా. బ్యాంకు ఇచ్చిన సొమ్ము సున్నా. ఆయన ఆ రెండు సున్నాల వంక చాలాసేపు చూసి, కలం తీసి నివేదిక రాయడం మొదలుపెట్టారు.

'ఋణము ఇచ్చినచోట వృద్ధితో పాటు వృథా పెరిగినది. ఋణము ఇవ్వనిచోట వృద్ధి మాత్రమే పెరిగినది. కావున భూమి యొక్క హద్దులకు లోబడి అపరిమితముగ విస్తరించుటకు వీలైన ఏకైక ఋణము, ఇవ్వని ఋణము.'

ప్రధాన కార్యాలయం ఆనందానికి అంతు లేకపోయింది. ఇవ్వని అప్పుకి చుక్క నీరు అక్కర్లేదు, పుల్ల కట్టె అక్కర్లేదు. ఎన్ని కావాలంటే అన్ని చెయ్యొచ్చు. మార్చిలోగా మూడు వందల ఇవ్వని అప్పులు పూర్తి చెయ్యాలని మా శాఖకు లక్ష్యం పెట్టారు. డిసెంబరుకే పూర్తిచేశాం. కొన్ని చోట్ల అడగనివాళ్లకి కూడా ఇవ్వకుండా ఉన్నాం. రాష్ట్రస్థాయి జ్ఞాపిక వచ్చింది.

ఆదర్శ లబ్ధిదారుగా సన్యాసమ్మకో ప్రశంసాపత్రం ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు. సభకి రమ్మని కబురు పెడితే, గిరాకీ వేళ కుదరదంది. దాంతో మేనేజరు గారు, నేను, ఫొటోగ్రాఫరు కలిసి కొట్టు దగ్గరికే వెళ్లాం. 'మా బ్యాంకు ఋణము పొందకుండుట ద్వారా అభివృద్ధి చెందిన మహిళ' అని మేనేజరు గారు బిగ్గరగా చదివి వినిపించారు. వరసలో ఉన్న అప్పలస్వామి గ్లాసు దింపి ఒకసారి చప్పట్లు కొట్టాడు. సన్యాసమ్మ పత్రం అందుకుని, ఫొటో తియ్యనిచ్చి, రెండు గ్లాసులు అంబలి పోసి మా ముందు పెట్టింది.

తాగి, మేనేజరు గారు ముప్పై రూపాయలు ఇచ్చారు.

"ఇంకో ముప్పై ఇవ్వండి బాబూ" అంది.

"గ్లాసు పదిహేను కదమ్మా?"

"అది వరసలో ఉన్న ఆలకి. మీకు ముప్పై."

"మాకెందుకు ముప్పై?"

"మీకు నూటికి పదిహేను వంతులు తగ్గిద్దామని ఉంది బాబూ. ముందు ఎక్కువ తీసుకోకపోతే తగ్గించినట్టు ఎలగ సూపించేది? మూడు నెల్లు ఓపిక పట్టండి."

మేనేజరు గారు నావైపు చూశారు. నేను సర్క్యులరు మొత్తం మనసులో ఒకసారి తిరగేశాను. ఆవిడ మాటలో ఎక్కడా తప్పు కనిపించలేదు. ఆయన ఇంకో ముప్పై తీసి ఇచ్చారు.

మూడు నెలలూ మా సిబ్బందంతా ముప్పయ్యే ఇచ్చాం. నాలుగో నెల మొదటి రోజున సన్యాసమ్మ మాట తప్పకుండా తగ్గించింది. ఇప్పుడు మాకు గ్లాసు ఇరవై అయిదున్నర. అర్ధరూపాయి చిల్లర ఆవిడ దగ్గరా లేదు, మా బ్యాంకులోనూ లేదు కాబట్టి ఇరవై ఆరు ఇస్తున్నాం.